ఇంటి కాపలాకి 315 తూటాలా, ట్వెల్వ్ బోర్ తూటాలా? రెండూ కాల్చి చూశాక నా రివ్యూ

మా ఇంట్లో రెండు ఉన్నాయి, నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చిన ఇషాపూర్ (బెంగాల్లోని గవర్నమెంట్ తుపాకుల ఫ్యాక్టరీ) 315 రైఫిల్, తర్వాత నేను తీస్కున్న ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్, అంటే ఒక్కో తూటాలో బోలెడు గుళ్లుండే రెండు గొట్టాల తుపాకీ. 2019లో చట్టం మార్చాక మామూలోళ్ల దగ్గర రెండుకి మించి ఉండకూడదు కూడా. మిర్చి సీజన్లో ఇంట్లో క్యాష్ ఉంటదని ఊరందరికీ తెల్సు కాబట్టి ఫ్రెండ్స్ అందరూ అడిగేది ఒకటే, దొంగోడొస్తే రైఫిల్లో ఏ తూటా పెడతావ్ రా అని. గుంటూరు టౌన్లో ఇల్లుంటే అసలు రైఫిల్ తూటానే వద్దు బాబూ, నేను చెప్పేది అదే.

315 తూటా సరుకుగా చూస్తే వంక పెట్టడానికేం లేదు. పూణే పక్కన ఖడ్కీ ఫ్యాక్టరీది, ఇత్తడి అడుగున కేఎఫ్ అని గుద్ది ఉంటది, 2021 నుంచి మునిషన్స్ ఇండియా అనే గవర్నమెంట్ కంపెనీ కిందకొచ్చింది. 303 మిలటరీ తూటా కాబట్టి జనాలకి ఇవ్వరు, దాని బదులు మనకి ఈ 8 ఎంఎం. బుల్లెట్ 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు, ముక్కు దగ్గర సీసం మెత్తగా బయటికి కనపడతా ఉంటది, దాన్నే సాఫ్ట్ నోజ్ అంటారు. రేంజిలో కాల్చినప్పుడు ఒక్కటి కూడా తుస్సుమనలేదు, గురి కూడా బానే ఉంది.

కానీ అది వేటలున్న రోజుల్లో దూరం నుంచి పెద్ద జంతువుని కొట్టడానికి పనికొచ్చిన తూటా. సాఫ్ట్ నోజ్ కదా లోపలే విచ్చుకుని ఆగిపోద్ది అంటారు కొంతమంది, తగిలితే సంగతి అది, మరి గురి తప్పితే? చీకట్లో, నిద్ర కళ్లతో, చేతులు వణుకుతా కాల్చేవాడికి తప్పకుండా ఉంటదా? బ్రాడీపేట లైన్లలో మన గోడకీ పక్కింటోళ్ల గోడకీ మధ్య మనిషి అడ్డంగా నడిస్తేనే కష్టం, తలుపు చెక్కా రేకులూ దానికి లెక్కే కాదు, నాలుగున్నర ఇంచుల ఇటుక గోడ ఆపుద్దని కూడా నేను పందెం కాయను. కిటికీలోంచి బయటికి పోయిందనుకో, కిలోమీటర్ల దూరం పోద్ది. అవతల పిల్లలు పడుకుని ఉంటారు. పైగా మూసిన గదిలో ఆ సౌండుకి చెవులు గింగిర్లెత్తి తర్వాత ఎవరేం అరిచినా వినపడదు.

అందుకే ఇంటికి ట్వెల్వ్ బోర్. ఇక్కడా తూటా చూసుకోవాలి. ఎల్‌జీ, ఎస్‌జీ అంటే గుళ్లు పెద్దవి, కొన్నే ఉంటాయి, అవి కూడా పల్చటి తలుపుని తూట్లు పొడిచేస్తాయి. నంబర్ పెరిగేకొద్దీ గుళ్లు చిన్నవి, 4 నంబర్ అంటే పిట్టల గుళ్లే, గోడ దాటే భయం బాగా తక్కువ, కానీ గదిలో అంత దగ్గర నుంచి అది కూడా ప్రాణం తీసేదే, చిన్న గుళ్లేలే అనుకోవద్దు. నేను టౌన్ ఇంట్లో పెట్టుకుంది 4 నంబరే, తోట దగ్గర చుట్టూ ఖాళీ కాబట్టి ఎస్‌జీ. ఇంకోటి, ట్వెల్వ్ బోర్ అయితే గురి అక్కర్లేదు, గుళ్లు చిమ్ముతాయి అనేది ఉత్త మాట. పన్నెండు అడుగుల గదిలో అట్ట మీద కొడితే పడే చిల్లు పిడికిలంత కూడా ఉండదు.

ఇక దాచుకోవడం. తోలు బెల్టులో పెట్టి వదిలేస్తే ఇత్తడికి పచ్చగా చిలుం పడద్ది, గట్టి డబ్బాలో తుపాకీకి వేరుగా తాళం వేసి పెట్టుకోండి. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు బెజవాడ సింగ్‌నగర్లో మా బాబాయ్ వాళ్ల కింది బీరువా మొత్తం మునిగింది, పాత కాగితం తూటాలు ఉబ్బిపోయి బ్యారెల్లోకే ఎక్కట్లేదు, ప్లాస్టిక్‌వి మాత్రం తుడిస్తే కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఎండలో పెట్టి వాడదాంరా అన్నాడాయన. మందు తడిస్తే సగం పేలి, మందుకీ గుళ్లకీ మధ్య ఉండే బిరడా బ్యారెల్లోనే ఇరుక్కుపోద్ది బాబాయ్, వెనకాలే రెండోది కాలిస్తే బ్యారెల్ పగిలి నీ చెయ్యే పోద్ది అని చెప్పి, స్టేషన్లో చెప్పించి మొత్తం అప్పజెప్పించా.

కొన్నది బెజవాడ షాపులో, పేరెందుకులే. లైసెన్స్ పుస్తకం, యూఐఎన్ (లైసెన్సున్నోళ్లకి ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు నంబరు), ఆధార్ అన్నీ చూసి, ఎన్ని తీస్కున్నామో పుస్తకంలో ఎక్కించి సంతకం పెట్టి ఇచ్చారు, లైసెన్సులో రాసినదానికి ఒక్కటి కూడా ఎక్కువ ఇవ్వరు, బతిమాలినా ఇవ్వరు, అది నాకు నచ్చింది. పెద్దాయన ఓపిగ్గా పెట్టె విప్పి తూటా చివర మడత చూపించి, నొక్కుకుపోయినవి ఉంటే తీసి పక్కన పెట్టారు. 315 రేటు ట్వెల్వ్ బోర్ కన్నా బాగా ఎక్కువ. ఎలక్షన్ల టైంలో వెళ్లకండి, అప్పుడు ఎటూ తుపాకీలు స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. నాకు కావాల్సిన 4 నంబర్ స్టాకే చాలాసార్లు ఉండదు, రాగానే ఫోన్ చేస్తాం సార్ అంటారు గానీ చెయ్యరు, మనమే చేస్తా ఉండాలి.