"స్టాఫ్ స్పెషల్" బాలి ప్యాకేజీ: ఎయిర్‌లైన్ ఉద్యోగులు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నేను శంషాబాద్‌లో ఒక ఎయిర్‌లైన్ చెక్-ఇన్ కౌంటర్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మే నెలలో స్టాఫ్ టికెట్ల మీద మా ఆయన, ఏడేళ్ల పాపతో కలిసి బాలి వెళ్లాం. ఎయిర్‌లైన్ ఉద్యోగులకు మాత్రమే అని చెప్పి ఒక ఏజెంట్ అమ్మిన హోటల్ ప్యాకేజీ తీసుకున్నాం. ఆ ప్రయాణంలో అనుకోకుండా మా చేతి నుంచి పోయింది లక్షా పదివేల పైనే. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఏజెన్సీ పేరు రాయడం లేదు. కానీ ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్లు మన స్టాఫ్ చుట్టూ చాలామంది తిరుగుతున్నారు, అందుకే జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం ముందుగా ఒక మాట. ఎయిర్‌లైన్ ఉద్యోగులుగా మనకు తక్కువ ధరకు వచ్చే ఐడీ90, జెడ్ టికెట్లు ఎక్కువగా స్టాండ్‌బై టికెట్లే. బేస్ ఫేర్ తగ్గుతుంది కానీ ట్యాక్సులు దాదాపు మామూలుగానే కట్టాలి. డబ్బు కట్టిన ప్రయాణికులందరూ ఎక్కాక సీటు మిగిలితేనే మనకు. వేరే ఎయిర్‌లైన్ ఫ్లైట్ అయితే వాళ్ల సొంత స్టాఫ్ తర్వాతే మన వంతు. కన్ఫర్మ్ టికెట్ ఉన్నవాళ్లను ఎక్కించుకోకపోతే ఇచ్చే పరిహారం మనకు వర్తించదు. ఇదంతా నాకు తెలుసు. అందుకే ఏజెంట్‌ని మొదట అడిగిన ప్రశ్న కూడా ఇదే: "మాకు ఆ రోజు సీటు దొరక్కపోతే హోటల్ సంగతి ఏంటి?"

"మేడమ్, ఇది స్టాఫ్ ప్యాకేజీ. మీరు ఒక రోజు లేటైనా, రెండు రోజులు లేటైనా డేట్లు ఫ్రీగా జరుపుతాం. దానికోసమే కదా మా దగ్గరికి వచ్చేది" అన్నాడు. ఆ మాట మెయిల్‌లో పెట్టమని అడగలేదు. నా తప్పు అక్కడే జరిగింది.

ముగ్గురికి ఐదు రాత్రుల హోటల్, ఎయిర్‌పోర్ట్ పికప్, రెండు రోజుల సైట్‌సీయింగ్, వీసా అన్నీ కలిపి 84,000 అన్నాడు. టీసీఎస్ (విదేశీ ప్యాకేజీల మీద ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) అని మరో 4,200, ఇన్సూరెన్స్ అని 2,400. మొత్తం ఒక వ్యక్తి పేరు మీదున్న యూపీఐ నంబర్‌కి పంపమన్నాడు. కంపెనీ ఖాతా ఇవ్వమంటే "సర్వర్ ప్రాబ్లమ్" అన్నాడు. బిల్లు మీద జీఎస్టీ నంబర్ లేదు. టీసీఎస్ నిజంగా కట్టి ఉంటే అది నా పాన్ మీద ఫారం 26ఏఎస్‌లో, అంటే ఆదాయపు పన్ను శాఖ చూపించే పన్ను వివరాల్లో, కనిపించాలి. తిరిగి వచ్చాక చూస్తే ఏమీ లేదు.

ఇంకొకటి కూడా అడిగాడు. లిస్టింగ్ (స్టాండ్‌బై జాబితాలో పేర్లు పెట్టడం) తనే చేస్తానని, నా స్టాఫ్ ట్రావెల్ లాగిన్, పాస్‌వర్డ్ ఇవ్వమన్నాడు. అది మాత్రం ఇవ్వలేదు. దయచేసి మీరూ ఎవరికీ ఇవ్వకండి. మన లాగిన్‌తో బయటివాళ్లకు టికెట్లు తీస్తే పోయేది ప్రయాణ సౌకర్యమే కాదు, ఉద్యోగం కూడా పోవచ్చు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం లోడ్ (ఫ్లైట్‌లో ఎన్ని సీట్లు నిండాయో) చూస్తే 14 సీట్లు ఖాళీ. సింగపూర్ మీదుగా బాలి ఎయిర్‌పోర్ట్ ఉన్న దెన్‌పసార్. సంతోషంగా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాం. అంతకుముందు రోజు ప్రయాణం తప్పినవాళ్లను ఈ ఫ్లైట్‌కి మార్చారు. చివరికి మిగిలినవి రెండు సీట్లు, మేం ముగ్గురం. పాపను విడదీసి వెళ్లలేం కదా, ఆగిపోయాం. అక్కడి నుంచే ఏజెంట్‌కి ఫోన్ చేశాను. "నేను చూసుకుంటాను, టెన్షన్ పడకండి, హోటల్‌కి మెసేజ్ పెట్టేశా" అన్నాడు. ఆ కాల్ రికార్డింగ్ నా దగ్గర ఉంది.

మర్నాడు రాత్రి ఫ్లైట్‌లో సీట్లు దొరికాయి. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నానికి బాలిలో దిగాం. వీసా ప్యాకేజీలో ఉందన్నాడు, కాగితం ఏదీ ఇవ్వలేదు. దిగినచోటే తీసుకునే వీసాకి మనిషికి 5 లక్షల రుపయా, అంటే మన డబ్బుల్లో రెండున్నర వేల పైనే, పాపకు కూడా అంతే. అది కాక 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ టూరిస్టులందరి దగ్గరా తీసుకుంటున్న లక్షన్నర రుపయా పన్ను. పికప్ కారు రాలేదు. గంటసేపు ఎండలో నిలబడి టాక్సీలో హోటల్‌కి వెళ్లాం.

రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి చాలా మర్యాదగా, బాధపడుతూనే చెప్పింది. మొదటి రాత్రి రాకపోవడంతో మమ్మల్ని నో-షో కింద రాసేశారు. ఐదు రాత్రుల బుకింగ్ మొత్తం రద్దు, డబ్బు వెనక్కి రాదు. ఎవరూ ఏ మెసేజూ పెట్టలేదు. ఆ బుకింగ్ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, అందరూ వాడే ఒక మామూలు బుకింగ్ సైట్ నుంచి అని చూపించింది. రద్దు చేసుకునే వీల్లేని అన్నిటికంటే చవక రేటు అది. అదే గది, అదే సైట్‌లో, అదే షరతుతో మా ఆయన ఫోన్‌లో వెతికితే రాత్రికి 6,900 చూపిస్తోంది. మా ప్యాకేజీ కాగితంలో "స్టాఫ్ డిస్కౌంట్ రేటు" అని రాసింది రాత్రికి 11,500.

ఏజెంట్‌కి పదకొండుసార్లు ఫోన్ చేశాం. ఒక్కసారి ఎత్తి "సండే మేడమ్, ఆఫీస్ క్లోజ్" అన్నాడు. మిగిలిన రాత్రులకు మళ్లీ మా జేబులోంచే కట్టుకున్నాం. సైట్‌సీయింగ్ కారు కూడా రాలేదు. బాలిలోనే ఉన్న ఉబుద్ ఊరికి వెళ్లాలని పాప ఎంతో ఆశపడింది, సొంతంగా కారు మాట్లాడుకుని తీసుకెళ్లాం.

అసలు కష్టం తిరుగు ప్రయాణంలో వచ్చింది. సింగపూర్ వరకు సులువుగానే సీట్లు దొరికాయి. అక్కడి నుంచి హైదరాబాద్ ఫ్లైట్ నిండిపోయింది. సింగపూర్‌లో బయటికి వెళ్లాలంటే మన పాస్‌పోర్టుకు వీసా కావాలి. అమెరికా, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల వీసా ఉన్నవాళ్లకు 96 గంటల మినహాయింపు ఉంది కానీ మా దగ్గర అలాంటిదేమీ లేదు. "ట్రాన్సిట్ కదా, వీసా అక్కర్లేదు" అని ఏజెంట్ చెప్పాడు. ఫ్లైట్ మారి వెళ్లిపోయేవాళ్లకు ఆ మాట నిజమే, చిక్కుకుపోయినవాళ్లకు కాదు. లోపల గంటల లెక్కన ఇచ్చే గది ఆ రాత్రి దొరకలేదు. సామాను హైదరాబాద్ వరకు చెక్-ఇన్ అయిపోయింది, పాపకు మార్చడానికి జత బట్టలు కూడా చేతిలో లేవు. ఏసీ చలికి మా ఆయన చొక్కా కప్పుకుని కుర్చీలో పడుకుంది. రెండో రోజు కూడా సీటు రాకపోయేసరికి దానికి జ్వరం మొదలైంది. ఇక ఆలోచించకుండా 72,000 పెట్టి కన్ఫర్మ్ టికెట్లు కొన్నాం.

ఆ 72,000 పోయిన తప్పు నేను ఏజెంట్ మీద వేయను. స్టాండ్‌బై అంటే అలాంటి రోజు రావచ్చని నాకు తెలుసు, మే నెల రద్దీ కూడా తెలుసు. కానీ "సీటు రాకపోతే ఇది కవర్ చేస్తుంది" అని అతను అమ్మిన ఇన్సూరెన్స్ పాలసీలో స్టాండ్‌బై టికెట్‌తో ఆగిపోతే ఏమీ రాదని స్పష్టంగా రాసి ఉంది. అది ముందే చదివి ఉంటే తిరిగి వచ్చే దారి వేరేగా పెట్టుకునేదాన్ని. మా ఆఫీసులో సీనియర్ ఒకాయన తర్వాత చెప్పారు: వీసా లేకుండా బయట అడుగు పెట్టలేని ఊళ్లో స్టాండ్‌బై మీద ఫ్లైట్ మారొద్దమ్మా, ఖర్చు కాస్త ఎక్కువైనా బయటికొచ్చి పడుకోగలిగే ఊరు చూసుకో అని. ఆయన హోటల్ కూడా వచ్చే రోజు వరకు రద్దు చేసుకునే వీలున్నదే తీసుకుంటారట. విమానంలో కూర్చున్నాకే మొదటి రాత్రి ఖాయం చేసుకుంటారట.

ఇవన్నీ తెలిసినా ప్యాకేజీయే కావాలనుకుంటే మాత్రం, సీటు దొరక్కపోతే తేదీలు ఉచితంగా మారుస్తామన్న మాట మెయిల్‌లో తీసుకోండి. ఆ మెయిల్ పెట్టనివాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. హోటల్ బుకింగ్ నంబర్ అడిగి, బయల్దేరే ముందు మీరే నేరుగా హోటల్‌కి ఫోన్ చేసి ఏ షరతుల మీద బుక్ అయిందో కనుక్కోండి. నేను ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే అంతా ముందే బయటపడేది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఏజెంట్ 15,000 వెనక్కి ఇస్తానని కబురు పంపాడు, ఒప్పుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, జరిగిన రెండేళ్లలోపు వేయవచ్చు. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే కాల్ రికార్డింగులు, యూపీఐ రసీదులు, హోటల్ ఇచ్చిన నో-షో కాగితం పారేయకుండా దాచుకోండి.

నిన్న డ్యూటీ దిగి వెళ్తుంటే కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి ఫోన్ చూపించి, "అక్కా, దసరా సెలవులకు ఇది తీసుకుందామనుకుంటున్నాం, మంచిదేనా?" అని అడిగింది. అదే బాలి ప్యాకేజీ, అదే యూపీఐ నంబర్.