వెనిస్‌లో కాలత్రావా వంతెన: బస ఏ ఒడ్డున చూసుకోవాలి?

వెనిస్‌లో బస వెతికేటప్పుడు అందరూ అద్దె చూస్తారు, ప్రధాన కూడలి సాన్ మార్కో ఎంత దూరమో చూస్తారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వెళ్లాక నాకు అర్థమైంది, ముందు చూడాల్సింది ఆ హోటల్ కాలత్రావా వంతెనకు ఏ పక్కన ఉందో.

కార్లు, బస్సులు పియాత్సాలే రోమా అనే కూడలి దగ్గరే ఆగిపోతాయి. విమానాశ్రయం బస్సు కూడా అక్కడే దింపుతుంది. శాంటా లూచియా రైల్వే స్టేషన్ ఉన్నది అవతలి ఒడ్డున. ఈ రెంటినీ కలుపుతూ స్పెయిన్ వాస్తుశిల్పి సాంతియాగో కాలత్రావా రూపొందించిన వంతెన 2008లో తెరుచుకుంది. నగరం మధ్యగా సాగే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ మీద ఇది నాలుగో వంతెన. ఇటలీ రాజ్యాంగానికి 60 ఏళ్లు నిండిన సందర్భంగా దానికి రాజ్యాంగ వంతెన అని పేరు పెట్టారు.

చూడటానికి ఎంతో బాగుంది. ఇదే కాలువ మీదున్న 1591 నాటి రియాల్తో వంతెన రాతి బరువంతా నీటి మీద మోపి నిలబడితే, ఇది ఎర్రటి ఉక్కు కమానుతో ఒడ్డు నుంచి ఒడ్డుకు ఒక్క ఊపులో సాగుతుంది. చిక్కంతా కాలు పెట్టాక మొదలవుతుంది. గాజు, ఇస్ట్రియా రాయి కలిపి వేసిన మెట్లు. వాటి వెడల్పు అంతటా ఒకేలా ఉండదు, అందువల్ల అడుగు లయ కుదరదు. మేము వెళ్లిన పూట వాన. అమ్మ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది, నేను సూట్‌కేసులు మోశాను. ఆ గాజు మీద జారిపడినవాళ్లు ఎందరో. చివరికి నగర పాలక సంస్థ గాజు తీసి ట్రాకైట్ అనే అగ్నిపర్వత శిల వేయాలని నిర్ణయించింది. వంతెన నిర్మాణ వ్యయం పెరిగిన వ్యవహారంలో 2019లో ఆడిట్ న్యాయస్థానం కాలత్రావాకు 78,000 యూరోల జరిమానా విధించింది.

చక్రాల కుర్చీలో వచ్చేవారి సంగతి ఇంకా బాధాకరం. వారికోసం తర్వాత వంతెన పక్కన అటూ ఇటూ చేరవేసే ఒక కేబిన్ అమర్చారు. అది సరిగా పనిచేయక 2020లో తీసేశారు. 21వ శతాబ్దంలో కట్టిన వంతెనకు ఆ ఆలోచన మొదటి గీతలోనే ఉండాలి. ఈ విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు.

ఇక బస. స్టేషన్ పక్క వీధిలో మేము దిగిన హోటల్ గది ఇరుకు, లిఫ్టు లేదు, అద్దె మాత్రం ఎక్కువ. తర్వాత, నీటికి అవతల ప్రధాన భూభాగం మీదున్న మెస్త్రేకు మారాం. అక్కడ అదే డబ్బుకు విశాలమైన గది దొరికింది. రైలు పది నిమిషాల్లో శాంటా లూచియాలో దింపుతుంది, స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగా పడవ రేవు. వంతెనతో పనే లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నా ఓటు మెస్త్రేకే. రాత్రి కాలువల వెంట తిరగాలనుకునే జంటలకైతే వెనిస్‌లోనే ఉండటం మేలు.

వాపొరెట్టో అనే పడవ బస్సుకు 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు. వంతెన ఎక్కకుండా పియాత్సాలే రోమా నుంచి స్టేషన్‌కు ఒక్క రేవు కోసం అంత పెట్టాలంటే మనసొప్పదు కాబట్టి రోజంతా చెల్లే పాసు తీసుకోండి, 25 యూరోలు. కార్లు నిలిపే దీవి త్రోంకెత్తో నుంచి వచ్చే 2వ నంబరు పడవ ఈ వంతెన కిందుగానే స్టేషన్ రేవుకు వెళ్తుంది. ఉక్కు కమాను అడుగుభాగం నిర్మాణమంతా అప్పుడే కనబడుతుంది, పైన నడిచేవారికి ఆ భాగ్యం లేదు. నడిచి కూడా చూడాలంటే ముందు సామాను స్టేషన్‌లోని లగేజీ గదిలో అప్పగించి, పొడి వాతావరణంలో వెళ్లండి.