ఎలైట్ డేంజరస్, స్టార్ సిటిజన్: తొలి సంకల్పానికి ఏది దగ్గర?

ఈ రెండు అంతరిక్ష ఆటలూ 2012 చివర్లో అభిమానులు ముందుగా ఇచ్చిన డబ్బుతోనే ఊపిరి పోసుకున్నాయి. డేవిడ్ బ్రాబెన్ సారథ్యంలోని ఎలైట్ డేంజరస్ పాలపుంతను అసలు పరిమాణంలో, దాదాపు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలతో నిర్మించి 2014 డిసెంబరులో విడుదలైంది. అయితే ఇంటర్నెట్ లేకుండా ఒంటరిగా ఆడుకునే వీలును, ఇస్తామన్న మాట ఉండగానే, విడుదలకు నెల ముందు రద్దు చేశారు. సర్వర్లు ఆగిన రోజున ఆట కూడా ఆగిపోతుంది కనుక, నా దృష్టిలో ఆ తర్వాతి మార్పులన్నిటికంటే ఇదే పెద్ద నష్టం. 2021లో వచ్చిన ఒడిస్సీ అనే అదనపు భాగం ఆటగాణ్ణి నౌక దించి తుపాకీ పోరాటాల్లోకి నడిపించింది, 2024లో కొత్త నౌకలను నిజమైన డబ్బు చెల్లించేవారికి మిగతావారికంటే ముందుగా అమ్మడం మొదలైంది. ఇన్ని జరిగినా ఒక నౌక, ఒక పైలట్, ఎవరూ చూడని నక్షత్రం అనే మూలభావన చెక్కుచెదరలేదు.

క్రిస్ రాబర్ట్స్ స్టార్ సిటిజన్‌ది వేరే దారి. తొలుత 2014ను లక్ష్యంగా పెట్టుకున్న ఈ ఆటకు నిధులు పెరిగేకొద్దీ వాగ్దానాలూ పెరిగాయి. దశాబ్దం దాటినా అది ఆల్ఫా దశను, అంటే ఇంకా తయారీలో ఉన్న తొలి పరీక్షా దశను, వీడలేదు. నౌక లోపల నడిచి, తలుపు తెరిచి, నేరుగా గ్రహం మీద అడుగుపెట్టే అనుభవంలో ఎలైట్ దీనికి సాటిరాదు. కానీ పూర్తికాని ఆటను దాని సంకల్పంతో పోల్చి చూడటమే కష్టం. అన్వేషణ కోరేవారికి నేను ఎలైట్‌నే సూచిస్తాను.