వైజాగ్‌లో పెస్ట్ కంట్రోల్ చేయించుకునేవాళ్ళు జాగ్రత్త: లేబుల్ లేని మందు, చేతిలో పెట్టే గ్యాస్ బిళ్ళలు

ఇంట్లో చెదలకో నల్లులకో మందు కొట్టించాలనుకునేవాళ్ళు దయచేసి పూర్తిగా చదవండి. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళవాళ్ళు మరీ ముఖ్యంగా.

మాది మధురవాడలో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. వార్డ్‌రోబ్ కింద మెత్తటి పొడి రాలుతోంది, ఊడ్చిన మర్నాటికి మళ్ళీ అంతే. అపార్ట్‌మెంట్ గేటుకి అంటించిన కాగితం మీద నంబరు చూసి ఫోన్ చేశాం. ఫోన్‌లో మూడు వేలన్నారు. ఇంటికొచ్చి పొడి చూడగానే "చెద ఇల్లంతా పాకేసిందండి, ఫుల్ ట్రీట్‌మెంట్ చెయ్యాలి" అంటూ తొమ్మిది వేలకి ఎక్కించారు. ఐదేళ్ళ గ్యారంటీ అని ఒక కార్డు రాసిచ్చారు.

వాళ్ళు తెచ్చింది పాత నూనె డబ్బా. అందులో మందు ముందే నీళ్ళలో కలిపేసి ఉంది. పేరేమిటని అడిగితే "కంపెనీ మందండి, బయట దొరకదు" అన్నారు. గోడల వెంట రంధ్రాలు వేసి మందు ఎక్కిస్తామన్నవాళ్ళు హాల్లో నాలుగంటే నాలుగు వేసి, మిగతా ఇల్లంతా పైపైన స్ప్రే కొట్టేశారు. బిల్లు వాట్సాప్‌లో పంపిస్తామన్నారు. ఇంతవరకూ రాలేదు.

కొన్నాళ్ళకే పొడి మళ్ళీ మొదలైంది. కంచరపాలెం నుంచి వచ్చిన వడ్రంగి కింది చెక్క ఊడదీసి, గుండుసూది దూరేంత గుండ్రటి కన్నాలు చూపించాడు. "ఇది చెద కాదమ్మా, పుచ్చు పట్టీసింది. చెదైతే మట్టేదీ మరి?" అన్నాడు.

తేడా అదే. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే చెద నేలలోంచి వస్తుంది. గోడ మీద, తలుపు చట్రం మీద మట్టితో సన్నటి దారి కట్టుకుంటూ పాకుతుంది. చెక్క లోపల తిన్నచోట కూడా మట్టి ఉంటుంది. పుచ్చు పురుగు చెక్కలోనే పెరిగి, కన్నం చేసుకుని బయటికొస్తుంది, పొడి రాలుస్తుంది. నేలకి ఎంత మందు పోసినా దానికి తగలదు. ఆ కన్నాల్లోకే మందు ఎక్కించాలి, బాగా పాడైన చెక్క తీసెయ్యాలి, పాలిష్ లేని పచ్చి చెక్క వదలకూడదు. తొలకరి వానకి లైట్ల చుట్టూ మూగే ఉసిళ్ళు కూడా చెదలే. కానీ రెక్కల చీమలు కూడా అలాగే ఎగురుతాయి. నడుము సన్నగా ఉంటే చీమ, నడుమే లేకుండా ఒకే లావుగా ఉండి నాలుగు రెక్కలూ సమానంగా ఉంటే చెద.

వీటన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది గ్యాస్ బిళ్ళలు. మా అత్తగారు మంచంలో నల్లులున్నాయనగానే, ఒకతను కాగితంలో కొన్ని బిళ్ళలు పొట్లం కట్టి "పరుపు కింద పెట్టి గది మూసెయ్యండమ్మా" అని ఆవిడ చేతిలో పెట్టాడు. వాళ్ళ సంచిలో ఉన్న డబ్బా మీద పేరు చదివాను: అల్యూమినియం ఫాస్ఫైడ్. వెంటనే తిరిగి ఇచ్చేశాను. అది గోడౌన్లలో ధాన్యానికి వాడేది. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. మన సముద్రపు ఊళ్ళో తేమకి కొదవేముంది? ఆ గ్యాస్ సందుల్లోంచి పక్క గదికి, పక్క ఫ్లాట్‌కి కూడా పోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. మామూలు జనానికి అమ్మడమే నిషేధం. ఎవరైనా ఇప్పటికే పెట్టి ఉంటే దాని మీద నీళ్ళు పోయకండి, తీయడానికి లోపలికి వెళ్ళకండి. అందరూ బయటికొచ్చేసి, పక్క ఫ్లాట్లవాళ్ళనీ బయటికి పిలిచి 108కి ఫోన్ చెయ్యండి. నల్లులకి దుప్పట్లు 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకడం, మంచం సందుల్లో ఆవిరి పట్టించడం, గుడ్లు పొదిగాక మళ్ళీ మందు కొట్టించడం, ఇవీ పద్ధతులు.

డబ్బులిచ్చే ముందు, పెస్ట్ కంట్రోల్‌కి వ్యవసాయ శాఖ ఇచ్చే లైసెన్స్ చూపించమనండి. సీల్ ఉన్న సీసా మీ ముందే విప్పి, మీ ముందే కలపాలి. చెదకి ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందైతే లీటరు నీళ్ళకి 2.1 మిల్లీలీటర్లు. రంధ్రాలు గోడ వెంట సుమారు అడుగుకొకటి పడాలి. నువాన్ పేరుతో అందరికీ తెలిసిన డైక్లోర్‌వాస్ 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధం. ఇప్పటికీ ఎవరైనా అదే తెస్తే గుమ్మంలోంచే పంపెయ్యండి.

వంటింట్లో తల వెనక రెండు నల్లచారలుండే చిన్న బొద్దింకలకైతే స్ప్రే కన్నా, అవి తిని చచ్చే ఎర మందు జెల్ మేలు. జెల్ పెట్టిన చోట మళ్ళీ స్ప్రే కొట్టనివ్వకండి, అవి దాని దగ్గరికే రావు.

మా గ్యారంటీ కార్డు మీద ఉన్న నంబరు ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. ఫోన్‌పే రసీదు, ఆ కార్డు ఫోటో, వాట్సాప్ మెసేజ్‌లు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీ గేటు మీద కూడా అలాంటి కాగితం ఉంటే, ఈ పోస్టు మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టండి.