రోళ్లపాడు బయలులో సర్కారు తుమ్మ: నరకడమా, జేసీబీనా, గడ్డపారా?

నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం ఏర్పడింది. వైశాల్యం 614 హెక్టార్లే. ఈ పిట్ట నేల మీదే, మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది. నాలుగు దిక్కులా చూపు ఆనితేనే నిలుస్తుంది. అక్కడ సర్కారు తుమ్మ అల్లుకుంటే బట్టమేకకూ, గడ్డి బయళ్లలోనే బతికే మరో పిట్ట నేల నెమలికీ (లెస్సర్ ఫ్లోరికన్) చోటుండదు. 1877 ప్రాంతంలో ఈ చెట్టును మన కడప జిల్లా కమలాపురంలోనే తెచ్చి పెంచారు.

గొడ్డలితో నరకడం చవక. కానీ వంటచెరకుకు తప్ప దానివల్ల మేలు లేదు. చిగురించే మొగ్గలు నేల కింద, కాండం వేరును కలిసే మెడ దగ్గర ఉంటాయి. పైన కొట్టేస్తే వానలకు మోడు చుట్టూ పిలకలు లేచి గుబురవుతుంది. అది పాత చెట్టుకన్నా చూపుకు ఎక్కువ అడ్డం.

మనిషి దూరలేనంత దట్టంగా ఉంటే జేసీబీ తప్పదు. అయితే మట్టి తిరగబడి, ఏళ్లుగా లోపల పడి ఉన్న విత్తులు పైకొస్తాయి. పక్కనున్న గడ్డి దుబ్బులు నలిగిపోతాయి. తడి నల్లరేగడిలో బండి దిగబడుతుంది. నేల నెమలి గుడ్లు పెట్టేది కూడా వానాకాలమే. అందుకే ఆ పని వేసవిలో ముగించి, గుంతలు అప్పుడే పూడ్చాలి.

విడివిడి చెట్లకు గడ్డపారే మేలు, కూలి ఎక్కువైనా సరే. చుట్టూ తవ్వి, నేలమట్టానికి 20-30 సెం.మీ. కింద, మెడకు దిగువన వేరు కొట్టాలి. తీసిన వేరు ముద్దను తలకిందులుగా ఎండకు పెట్టాలి. మెడ ముక్క మిగిలితే మళ్లీ చిగురిస్తుంది, శ్రమంతా వృథా. కాయలు పండకముందే ఈ పని చేయాలి. మేకలే కాదు, కృష్ణజింకలు కూడా ఆ తీపి కాయలు తిని పెంటికలతో విత్తులు చల్లుతాయి.

ఏది ఎంచుకున్నా, కనీసం మూడు వానాకాలాలు మొలకలు పీకాల్సిందే. జానెడు మొక్క తడి నేలలో వేరుతో సహా వస్తుంది. ఏడాది ఆగితే పార కావాలి. పక్షి గుడ్లున్న చోటును మాత్రం పిల్లలు కదిలేదాకా వదిలేయాలి.

గడ్డి విత్తాలా? దుబ్బులు అక్కడక్కడా మిగిలి ఉంటే అక్కర్లేదు, అవే పాకుతాయి. బోసిపోయిన చోట అంజన్ అనే మేత గడ్డి ఒక్కటే చల్లడం కన్నా, అదే బయలులో గింజ పండాక కోసిన గడ్డిని దాచి, తొలకరికి పలచగా పరవడం మంచిది. నాలుగైదు రకాలు కలిసి మొలుస్తాయి. ఖాళీ అయింది కదా అని వేప, కానుగ మొక్కలు మాత్రం దయచేసి నాటకండి. బట్టమేకకు అవీ అడ్డమే.