డెస్క్‌టాప్‌కి యూపీఎస్సా, ఇన్వర్టరా? ఏది మేలు?

కరెంటు పోయి గంటసేపు రాకపోయినా కంప్యూటర్‌కి ఏమీ కాదు. దెబ్బంతా పోయిన ఆ క్షణంలోనే. సేవ్ చెయ్యని ఫైలు పోతుంది. డిస్కు రాస్తూ రాస్తూ సగంలో ఆగితే విండోస్ మొరాయిస్తుంది. కాబట్టి ముందు ఒక్క విషయం తేల్చుకోండి: మీకు కావలసింది పని సర్దుకోవడానికి పది నిమిషాలా, పని సాగించడానికి నాలుగు గంటలా?

పది నిమిషాలే అయితే 600 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) యూపీఎస్, అంటే కంప్యూటర్ పక్కన పెట్టే చిన్న బ్యాటరీ పెట్టె చాలు. శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో చాలా ఇళ్లకి ఇదే సరిపోతుంది. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, సాధారణంగా 360. గ్రాఫిక్స్ కార్డు లేని డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 100 వాట్ల చుట్టుపక్కల లాగుతాయి. లోపలి బ్యాటరీ 12 వోల్టులు, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో పట్టే కరెంటు కొలత), అంటే 84 వాట్ అవర్లు. ఆ లెక్కన 50 నిమిషాలు రావాలి గానీ రాదు. 7 ఏహెచ్ అన్నది 20 గంటలపాటు నెమ్మదిగా వాడితే దక్కే అంకె. ఒక్కసారిగా 10 ఆంపియర్లు లాగితే సగం దక్కడమే కష్టం. కొత్తలో పదిహేను నిమిషాలు వస్తే మంచిదే. రెండు మూడేళ్లకి కరెంటు పోగానే కీచుమని ఆరిపోయే స్థితికి వస్తుంది. అప్పుడు యూపీఎస్ పారేయకండి. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు విప్పి బ్యాటరీ ఒక్కటే మార్చండి: ఎర్ర వైరు ప్లస్సుకి, నల్లది మైనస్సుకి. లేజర్ ప్రింటర్ని మాత్రం దీనికి తగిలించొద్దు. పొడి ఇంకుని కాగితానికి అతికించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకి యూపీఎస్ ట్రిప్ అవుతుంది.

ఇన్వర్టర్ సంగతి వేరు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, కంప్యూటర్ కలిపి 300 వాట్ల లోడు నాలుగు గంటలు నడుస్తుంది. అయితే యూపీఎస్ మోడ్, ఇన్వర్టర్ మోడ్ అని రెండింటిలో ఒకటి ఎంచుకునే చిన్న స్విచ్ దాని వెనక ఉంటుంది, చాలామంది చూడరు. అది ఇన్వర్టర్ మోడ్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడల్లా ఫ్యాను ఆగదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. కంప్యూటర్ పవర్ సప్లై కరెంటు లేకుండా ఓర్చుకునేది 16, 17 మిల్లీసెకన్లు. యూపీఎస్ మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మార్పిడి అంతలోపే అయిపోతుంది, ఇన్వర్టర్ మోడ్‌లో ఆలస్యమవుతుంది.

మరి ఎప్పుడూ యూపీఎస్ మోడ్‌లోనే ఉంచితే పోలేదా? టౌన్లో ఉంచొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, లైను చివర ఉండే పల్లెల్లో అలా కుదరదు. ఆ మోడ్ దాదాపు 180 నుంచి 260 వోల్టులనే ఒప్పుకుంటుంది. సోంపేట వైపు గానీ చీపురుపల్లి వైపు గానీ, వ్యవసాయ మోటార్లు నడిచే వేళ మీ ఇంటి వోల్టేజి 170కి పడిపోతుంటే, కరెంటు ఉన్నా ఇన్వర్టర్ బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. చార్జింగ్ ఉండదు, వాడకం ఆగదు. నిజంగా కరెంటు పోయేసరికి బ్యాటరీ ఖాళీ! అలాంటి ఇంటికి మా సలహా: ఇన్వర్టర్‌ని ఇన్వర్టర్ మోడ్‌లోనే ఉంచి, కంప్యూటర్ దగ్గర చిన్న యూపీఎస్ పెట్టండి. అప్పుడు రెండూ కావాలి, ఖర్చే అయినా తప్పదు. ఇన్వర్టర్ మాత్రం మామూలు కరెంటులా నున్నటి అల ఇచ్చే సైన్ వేవ్‌దే కావాలి. మెట్లలాంటి అల ఇచ్చే స్క్వేర్ వేవ్‌ది అయితే దాని కరెంటుని చాలా యూపీఎస్‌లు కరెంటుగా గుర్తించవు. పక్కన ఇన్వర్టర్ నడుస్తున్నా తమ బ్యాటరీ తినేసి ఆరిపోతాయి.

భావనపాడు, కళింగపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి ఇన్వర్టర్ బ్యాటరీ టెర్మినళ్లు త్వరగా పచ్చబడతాయి. తుడిచి పెట్రోలియం జెల్లీ రాయండి. రెండు మూడు నెలలకోసారి నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యండి, బావినీళ్లు వద్దు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి కోతకి యూపీఎస్ ఏ మూలకీ రాదు. ఇన్వర్టర్ ఉంటే తుపాను హెచ్చరిక వినగానే బ్యాటరీ నిండా ఎక్కించి, కరెంటు పోయాక కంప్యూటర్ ముట్టుకోకుండా ఫోన్లకీ ఒక లైటుకీ దాచుకోవాలి.

ఏది కొన్నా మొదటిరోజే పరీక్ష పెట్టండి. ఫైళ్లన్నీ మూసి, యూపీఎస్ గానీ ఇన్వర్టర్ గానీ తగిలించిన గోడ సాకెట్ స్విచ్ ఆపండి. ప్లగ్గు పీకొద్దు, ఎర్త్ కూడా తెగిపోతుంది. కంప్యూటర్ ఆగకపోతే, ఎన్ని నిమిషాలకి బీప్ వేగం పెరిగిందో రాసిపెట్టుకోండి. ఆర్నెల్లకోసారి ఇదే చేస్తే బ్యాటరీ ఎప్పుడు చావబోతోందో ముందే తెలుస్తుంది. అలాగే విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్ బయాస్‌లో కరెంటు తిరిగొచ్చినప్పుడు కంప్యూటర్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటే ఆఫ్‌లో పెట్టండి. గాలివానలో కరెంటు వచ్చి పోయి వచ్చి పోతుంటే, బూట్ మధ్యలో నాలుగైదుసార్లు ఆగడం కంటే ఆగిపోయి ఉండడమే డిస్కుకి క్షేమం.