జేకబ్స్ పిల్లో రెసిడెన్సీ: నాట్యం తయారవుతుండగా చూడాలనుకునేవాళ్లకి

మాసచూసెట్స్‌లో ఉండే తెలుగువాళ్లం ఏటా ఆకుల రంగులు చూడటానికి బర్క్‌షైర్ కొండలకు వెళ్తాం, కానీ అక్కడే బెకెట్ అనే ఊళ్లో ఉన్న జేకబ్స్ పిల్లో అనే నృత్య కేంద్రం గురించి అడిగితే చాలామందికి తెలియదు. వేసవిలో జరిగే డాన్స్ ఫెస్టివల్ పేరు కొందరు వినే ఉంటారు. నేను చెప్పబోయేది దాని గురించి కాదు, అక్కడ నడిచే పిల్లో ల్యాబ్ రెసిడెన్సీల గురించి.

కొత్త నృత్యం తయారుచేస్తున్న బృందాన్ని పిలిచి ఒకటి రెండు వారాలు బస, సాధనకు స్టూడియో, భత్యం ఇస్తారు. ఆర్కైవ్‌లో పాత వీడియోలు చూసుకోవచ్చు. చివరికి పూర్తయిన షో చూపించి తీరాలన్న ఒత్తిడి లేకపోవడమే నాకు అన్నిటికంటే నచ్చింది. కూచిపూడి చేసేవాళ్లకి దీని విలువ వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే మనం హాలు గంటల లెక్కన అద్దెకు తీసుకుని, నట్టువాంగం చేసేవారూ వయొలిన్ వాయించేవారూ ఒకేసారి దొరికిన పూటే అంతా కుదుర్చుకోవాలి, కొత్తది ప్రయత్నిస్తే ప్రోగ్రాం పాడవుతుందేమోనన్న టెన్షన్‌తో మళ్లీ పాత జతులకే వెళ్లిపోతాం.

తెలిసినావిడ రమ్మంటే ఒక బృందం చేసిన షోయింగ్‌కి, అంటే ఇంకా తయారవుతున్న నృత్యాన్ని కొద్దిమందికి చూపించే దానికి, వెళ్లాను. కాస్ట్యూములు లేవు, లైటింగ్ లేదు. ఒకే భాగాన్ని ముందు సంగీతంతో, తర్వాత సంగీతం లేకుండా చేశారు. రెండోసారి వాళ్ల ఊపిరి, పాదాలు నేలను రాసుకునే చప్పుడు స్పష్టంగా వినిపించి, అసలు ఆ కదలిక ఎందుకు ఉందో అప్పుడే తెలిసింది. తర్వాత ఏం కనిపించిందో చెప్పమని మమ్మల్ని అడిగారు, ఊరికే మర్యాదకి కాదు, రాసుకున్నారు కూడా. ఇక ఆ స్టూడియో నేల! అడుగు వేస్తే కాస్త ఒదిగే చెక్క నేల. సిమెంటు గచ్చు మీద ఏళ్ల తరబడి అడుగులు వేసి మోకాళ్లు అరగదీసుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

అమెరికన్ నర్తకుడు టెడ్ షాన్ 1931లో పాత పొలం కొని మొదలుపెట్టిన చోటిది. ఆయన బృందంలోని మగ డాన్సర్లే అక్కడ చాలా పనులు తమ చేతులతో చేశారు. భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి 1962లో ఇక్కడ నాట్యం చేశారు. 2020 నవంబరులో ఇక్కడి డోరిస్ డ్యూక్ థియేటర్ కాలిపోయింది, 2025 జులైలో కొత్తది తెరిచారు.

రెండు వారాలు మాత్రం చాలవని నా గట్టి అభిప్రాయం. కొత్త చోట శరీరం కుదురుకోవడానికే కొన్ని రోజులు పోతాయి. కనీసం నెల ఉండాలి. మన కూచిపూడి ఊళ్లో ఇలాంటిది పెడితే, రెండు గదులు, ఒక మంచి చెక్క నేల, నెల రోజుల భోజనం చాలు, ఎంతమంది పిల్లలు కొత్తగా ఆలోచిస్తారో! అమెరికాలో మన సంఘాలు ఒక్క రాత్రి ప్రోగ్రాంకి పెట్టే ఖర్చులో కొంత దీనికి తీస్తే బాగుంటుంది. ఎవరైనా పూనుకుంటే నా వంతు నేనిస్తాను.

వెళ్లేవాళ్లకి: కారు తప్పనిసరి, బోస్టన్ నుంచి రెండు గంటలు దాటుతుంది, చలికాలంలో మంచు చూసుకుని బయల్దేరండి. షోయింగ్‌లు చిన్నవి కాబట్టి ముందే కనుక్కోండి. హైదరాబాద్, విజయవాడలో ఉన్నవాళ్లు జేకబ్స్ పిల్లో డాన్స్ ఇంటరాక్టివ్ అని వెతికితే దశాబ్దాల నాటి నృత్యాల వీడియోలు ఉచితంగా దొరుకుతాయి.